గారు అన్నందుకు మూతబడిన గని

మా వీధిలో చదువుకునే పిల్లలు అప్పుడప్పుడు వచ్చి, ఇంటర్న్‌షిప్‌కి దరఖాస్తు పెడుతున్నాం, ఒకసారి చూసిపెట్టు తాతా అని అడుగుతుంటారు. లేబర్ డిపార్ట్‌మెంటులో పనిచేసి రిటైరైనవాణ్ణి కాబట్టి దరఖాస్తుల మర్మమంతా నాకు తెలుసని వాళ్ళ నమ్మకం. నేను వాళ్ళకు చెప్పని సంగతి ఒకటుంది. మనసు పెట్టి నేను రాసిన మొదటి దరఖాస్తు అచ్చంగా ఇట్లాంటిదే. దాన్ని అవతలివాళ్ళు ఒప్పుకోలేదు. ఎందుకు ఒప్పుకోలేదో అర్థం కావడానికి నా ఉద్యోగమంతా పట్టింది. ఇప్పుడైనా పూర్తిగా అర్థమైందని గట్టిగా చెప్పలేను.

అప్పుడు కర్నూల్లో బి.ఏ. చదువుతున్నాను. రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు తరలిపోయి ఎంతో కాలం కాలేదు. ఊరంతా పెళ్ళి అయిపోయిన ఇల్లులా ఉండేది. ఏ ఆఫీసు ఉందో, ఏది పోయిందో, పోయింది మళ్ళీ వస్తుందో అడిగితే చెప్పేవాడు లేడు. మా అర్థశాస్త్రం మాస్టారు ఒకరోజు క్లాసులో ఒక మాట చెప్పారు. కార్మిక సంఘాలన్నిటికీ కలిపి పెద్ద సంఘం ఒకటుందట. వేసవి సెలవుల్లో విద్యార్థులను ఊళ్ళలోని చిన్న సంఘాల దగ్గరికి పంపి పని నేర్పుతారట. జీతం లేదు, తిండీ పడకా వాళ్ళే చూస్తారు. బాగా పనిచేసినవాణ్ణి చదువయ్యాక ఆ పెద్ద సంఘం ఆఫీసులోనే పెట్టుకుంటారు. ఆ చివరి మాట నా చెవిలో పడింది. మాది అర్ధవీడు దగ్గర పల్లె, జీవాలు కాసుకునే ఇల్లు. బి.ఏ. పాసైనా నన్ను పిలిచి ఉద్యోగమిచ్చేవాడు నా ఎరుకలో ఒక్కడూ లేడు.

దరఖాస్తు కర్నూల్లోని ఆఫీసుకే పోస్టు చేశాను. ఆఫీసు హైదరాబాదుకు మారిందని తిరిగి వచ్చింది. హైదరాబాదుకు రాశాను. కర్నూలు జిల్లా విషయాలు కర్నూల్లోనే చూస్తారని జవాబు వచ్చింది. అప్పట్లో మార్కాపురం, గిద్దలూరు అన్నీ కర్నూలు జిల్లాలోనే ఉండేవి. చివరికి మాస్టారే విసుగెత్తి, మార్కాపురంలో పలకల గని కూలీల సంఘం ఒకటుంది, నేరుగా పో, వాళ్ళ అధ్యక్షుడు నిన్ను తీసుకుంటే మిగతాది నేను చూస్తాను అన్నారు.

మా నాయనకు ఈ వ్యవహారం అంతుపట్టలేదు. జీవాలను కొండ మీదికి తోలే రోజుల్లో చేతికి అందివచ్చిన కొడుకు ఊరికే పోయి ఎవరికో పని చేస్తాననడం ఆయన ఎక్కడా వినలేదు.

"జీతం లేకుండా చేసేది పనేంది నాయనా? అది పనా, మొక్కుబడా?" అన్నాడు.

చివరికి ఆయనే, సరే పో అని రొట్టెలు మూట కట్టించి ఇచ్చాడు. కంభంలో రైలెక్కి మార్కాపురం రోడ్డులో దిగి, ఊళ్ళోకి జట్కా ఎక్కాను.

మార్కాపురం పలక అంటే మీకిప్పుడు తెలియకపోవచ్చు. ఆ రోజుల్లో రాష్ట్రంలో చాలామంది పిల్లలు మొదటి అక్షరం దిద్దింది ఆ రాతి మీదే. నల్లరాయిని గనిలోంచి తీసి, ఉలితో పొరలు పొరలుగా చీల్చి, చదరాలుగా కోసి, నీళ్ళు పోసి నున్నగా రుద్ది, చుట్టూ కర్ర చట్రం బిగిస్తారు. చీల్చేది మగవాళ్ళు, రుద్దేది ఆడవాళ్ళు. నేను పోయిన గని యజమాని ఆ చుట్టుపక్కల రైతు కుటుంబం వాడే. వాళ్ళ చేలో బావి తవ్వుతుంటే రాయి పడిందట. దానితో వ్యవసాయం వెనకబడి గని ముందుకు వచ్చింది.

సంఘం ఆఫీసు కోసం చాలాసేపు వెతికాను. తీరా చూస్తే అది ఒక టీ కొట్టు ముందున్న బల్ల. అధ్యక్షుడు రాయి చీల్చేవాడు, బక్కపలచని మనిషి, కనుబొమల మీద ఎప్పుడూ రాతి దుమ్ము ఉండేది. నేను నిలబడి దరఖాస్తు చదివాను. శ్రామికవర్గం, సంఘటిత శక్తి, సేవాభావం, ఇవన్నీ అందులో ఉన్నాయి. ఆయన టీ తాగుతూ చివరిదాకా శ్రద్ధగా విన్నాడు.

"అంతా బాగుంది. నువ్వు ఎవరి అబ్బాయివో అందులో లేదే?" అన్నాడు.

చెప్పాను. అర్ధవీడు వైపు ఆయనకు ఎవరూ తెలియదు. మాకు ఏ వరస అవుతావు మరి అని అడిగాడు. ఇంటర్వ్యూలో ఇట్లాంటి ప్రశ్న వస్తుందని మా మాస్టారు చెప్పలేదు. కార్మికులంతా నాకు సోదరులే అధ్యక్షుల వారూ అన్నాను, క్లాసులో విన్న మాట.

"అందరూ అన్నదమ్ములైతే నీకు పిల్లనెవరిస్తారు?" అన్నాడాయన.

టీ కొట్టు దగ్గరున్న వాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వాను, ఎందుకో తెలియకుండానే. తీసుకున్నట్టా, లేనట్టా అని అడిగితే, ఉండు చూద్దాం అన్నాడు. ఆ రెండు మాటల్లో ఏది జవాబో నాకు తేలలేదు.

నన్ను పలకలు రుద్దే ఒక పెద్దావిడ ఇంట్లో పెట్టారు. భర్త పోయిన మనిషి. కూతురు చంటిబిడ్డతో పుట్టింట్లోనే ఉంది. మొదటి పూటే నేను ఏమండీ అన్నానని ఆమె అన్నం గిన్నె పక్కన పెట్టి, చిన్నమ్మా అని పిలిస్తేనే వడ్డిస్తానంది. ఆకలి మీద ఉన్నాను కాబట్టి ఆ వరస వెంటనే కుదిరిపోయింది.

ఆ ఇంట్లో ఉండగానే సంఘానికి ఆ వేసవిలో ఏం కావాలో తెలిసింది. గని దగ్గర నీడ లేదు. రుద్దే ఆడవాళ్ళు మే నెల ఎండలో బండల మీద కూర్చోవాలి. చిన్నమ్మ కూతురు బిడ్డను వెంట తెచ్చుకొని, రెండు రాళ్ళ మధ్య పాత చీర కట్టి దాని కింద పడుకోబెట్టేది. నీడ కదిలినప్పుడల్లా పని వదిలి పరుగెత్తి చీర జరిపేది. ఆ బిడ్డకు ఒళ్ళంతా చెమటపొక్కులు. వాళ్ళు అడిగేది ఒక పందిరి, ఒక నీళ్ళ తొట్టి, అంతే.

మరి అడగరేం అంటే, అడుగుతూనే ఉన్నాం అన్నాడు అధ్యక్షుడు. ఆయన అడగడం నేను కళ్ళారా చూశాను. సాయంత్రం పోయి యజమాని అరుగు మీద కూర్చుంటాడు. బావా అని మొదలుపెట్టి వానల గురించి, కనిగిరి సంతలో ఎద్దుల గురించి, ఎవరి పెళ్ళి ఎక్కడ కుదిరిందో దాని గురించి మాట్లాడతాడు. లేచి వచ్చేటప్పుడు, ఈ ఏడు ఎండలు బాగా ఉండాయి బావా అంటాడు. అవును బావా అంటాడు యజమాని. ఇది చాలా రోజులుగా జరుగుతోందట. కూలీలలో ఎవరిని చూసినా యజమానిని అన్నా అనో మామా అనో తమ్ముడా అనో పిలుస్తున్నారు. కులాలు వేరు, ఇళ్ళు వేరు, అయినా వరసలున్నాయి. మా పాఠంలో యజమాని ఒకవైపు, కార్మికుడు ఒకవైపు ఉండేవారు. ఇక్కడ గీత ఎక్కడ గీయాలో తెలియక నా తల తిరిగిపోయింది.

నా ముఖం చూసే కాబోలు, ఒక ఉదయం అధ్యక్షుడు నాకు మొదటి పని చెప్పాడు. సోమవారం మేమంతా పందిరి సంగతి మాట్లాడేదానికి వస్తామని యజమానికి చెప్పిరా, మర్యాదగా మాట్లాడు అన్నాడు. ఇదే నా పరీక్ష అనుకున్నాను. చొక్కా ఉతికి వేసుకున్నాను. దారంతా మాటలు వల్లెవేసుకుంటూ పోయాను.

"నమస్కారమండీ యజమాని గారూ. తమరితో మాట్లాడటానికి సోమవారం మా సంఘం వారు వస్తారండీ. తమరు దయచేసి సమయం ఇవ్వాలండీ," అన్నాను.

ఆయన లావుపాటి మనిషి, మంచం మీద కూర్చొని చుట్ట కాలుస్తున్నాడు. నా మాటకు చుట్ట దించాడు. ముఖం నల్లబడింది.

"ఇట్లనే చెప్పమన్నాడా మా బావ?" అని అడిగాడు.

మర్యాదగా చెప్పమన్నారండీ అన్నాను. ఆయన లేచి లోపలికి పోయాడు. లోపల ఆయన తల్లి ఏమైందిరా అని అడగడం, ఆయన ఏదో చెప్పడం, ఆమె ఒక్కసారి అయ్యో అనడం వినిపించాయి. నా పని బాగా జరిగిందనే అనుకున్నాను. తిరిగి వచ్చి చెప్పి వచ్చానన్నాను.

మరునాడు పొద్దున గని దారికి అడ్డంగా ముళ్ళకంప వేసి ఉంది. కాపలా మనిషి, పని లేదు పొమ్మన్నాడంట మామ అని చెప్పాడు. ఎందుకు లేదో వాడికీ తెలియదు. కూలీలంతా కంప ముందు కూర్చున్నారు. యజమాని గని మూసినాడని వీళ్ళు. మీరే కదా పని మానినారని అక్కడి నుంచి కబురు. ఎవరు మానారో, ఎవరు మూశారో తెలియని ఆ గందరగోళంలో సంబరపడినవాణ్ణి నేనొక్కణ్ణే. ఇన్నాళ్ళకు ఒక సమ్మె కళ్ళబడింది. రెండు నినాదాలు తయారుచేసి పెద్దగా చెప్పాను. ఒక్కరూ అందుకోలేదు. ఆ పిల్లోనికి ఎండ దెబ్బ తగిలిందేమో, నీళ్ళియ్యండి అన్నారెవరో.

ఆ మధ్యాహ్నం చిన్నమ్మ నన్ను కూర్చోబెట్టి, నేను యజమానితో ఏమన్నానో అక్షరం పొల్లుపోకుండా చెప్పమంది. చెప్పాను. ఆమె చేత్తో నోరు మూసుకుంది.

"గారు అన్నావా? ఓరి నాయనో. ఈడ వరస మానుకుంటేనే కదరా సమ్మె," అంది.

ఆమె చెప్పింది ఇదీ. చాలా ఏళ్ళ కిందట నిజంగానే ఒక సమ్మె జరిగింది. దానికి నోటీసు లేదు, జెండా లేదు. ఒక పొద్దున గనికి వచ్చిన ప్రతి మనిషీ మామా, అన్నా, తమ్ముడా అనే మాట మాని, యజమాని గారూ నమస్కారం అన్నారు. అందరూ అట్లా అన్నాక ఉలులు కింద పెట్టారు. రాయి ఆగినందుకు ఆయన అంత బాధపడలేదట. ఇంట్లో ఆయన తల్లి మాత్రం, ఊరంతా మనల్ని పరాయివాళ్ళను చేసినారని అన్నం ముట్టలేదట. ఎక్కడివాణ్ణో నేను వచ్చి ఆ మాట ఒక్కణ్ణే అనేసరికి, సంఘం నా నోటితో సమ్మె చెప్పించిందని ఆయన అనుకున్నాడు. నా జన్మలో ఎవరికీ అంత గౌరవంగా నమస్కారం పెట్టి ఎరగను. అది తిట్టు కంటే ఎక్కువైంది.

మరి పొరపాటైందని ఆయనతో చెప్పేస్తే పోతుంది కదా అన్నాను. అధ్యక్షుడు తల అడ్డంగా ఊపాడు. పొరపాటంటే పందిరి కూడా పొరపాటే అయిపోతుంది, ఇంక ఆ మాట ఎత్తలేం అన్నాడు. కంప తీసేయమని యజమాని కూడా చెప్పలేడు. అట్లా చెబితే తానే దిగినట్టు. ఇద్దరూ ఎదురుచూస్తున్నారు. రోజులు గడుస్తున్నాయి. కూలి లేదు. చిన్నమ్మ ఇంట్లో రెండు పూటల అన్నం ఒక పూట సంగటికి వచ్చింది. నాకు వడ్డించి వాళ్ళు లోపల ఏం తింటున్నారో నేను చూడకుండా తలుపు దగ్గరికి వేసేవాళ్ళు. నాకు సిగ్గేసింది. ఊరికి పోతానన్నాను. తెంపినోడివి కట్టిపో అంది చిన్నమ్మ.

టీ కొట్టు బల్ల దగ్గర కమిటీ కూర్చుంది. నేను పోయి యజమానిని వరస పెట్టి పిలవాలి, అంతవరకు అందరూ ఒప్పుకున్నారు. ఏ వరసన అన్నదే తేలలేదు. ఒకరి లెక్కలో ఆయన నాకు చిన్నాయన అయ్యాడు. ఇంకొకరి లెక్కలో బావ అయ్యాడు. రాజ్యాంగం రాసేటప్పుడు కూడా అంత చర్చ జరిగి ఉండదు. నేను ఒకరి ముఖం నుంచి ఇంకొకరి ముఖానికి చూస్తూ కూర్చున్నాను. చివరికి చిన్నమ్మే తేల్చింది. ఆయన్ను ఆమె తమ్ముడా అంటుంది, ఆమెను నేను చిన్నమ్మా అంటాను, కాబట్టి మామ.

"చిన్నాయన దగ్గరైతే తల వంచుకొని నిలబడాల. మామ దగ్గరైతే ఏమన్నా అడగొచ్చు," అంది.

మరునాడు పొద్దున పోయాను. ఆయన మూసిన గని దగ్గరే, కంపకు అవతల, ఒక బండ మీద ఒంటరిగా కూర్చొని ఉన్నాడు. గని మూసినా పొద్దున్నే అక్కడికి వచ్చి కూర్చోకుండా ఉండలేకపోయేవాడని తర్వాత తెలిసింది. పుట్టి బుద్ధెరిగాక పరాయి మనిషిని మామా అనడానికి అంత భయపడింది అదే.

"మామా," అన్నాను.

ఆయన తల తిప్పలేదు. చుట్ట బూడిద బండ మీద రాల్చాడు.

"ఏ వరసన?" అన్నాడు.

"చిన్నమ్మ నీకు అక్క కదా మామా."

"అక్క బాగుండాదా?"

బాగుంది అన్నాను.

"మనవడు?"

ఏం చెప్పాలని నేర్పారో అంతా మరిచిపోయాను.

"ఎండలో ఉండాడు మామా," అన్నాను.

ఆయన లేచాడు. కంప దగ్గరికి వచ్చి కాలితో పక్కకు నెట్టాడు. ముల్లు గుచ్చుకుంటే వంగి తీసుకున్నాడు. మా దొడ్లో వెదుళ్ళుండాయి, పోయి తెచ్చుకొమ్మని చెప్పు మా బావకు అన్నాడు. అంతే. సాయంత్రానికి పందిరి లేచింది. పైన జొన్నచొప్ప కప్పారు. నీళ్ళ తొట్టిని ఆయన తల్లే దగ్గరుండి పెట్టించింది. చిన్నమ్మ మనవణ్ణి నీడలో పడుకోబెడితే అలవాటు లేకనో ఏమో కాసేపు ఏడ్చి నిద్రపోయాడు. అది చూసి నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

నా అయోమయం మాత్రం తగ్గలేదు. ఎవరు గెలిచారు? ఒప్పందమేది? మాస్టారికి ఏమని రాయాలి? అధ్యక్షుణ్ణి అడిగితే, పందిరి వేసినామని రాయి అన్నాడు. మరి నా దరఖాస్తు అన్నాను. ఆయన నా భుజం మీద చెయ్యి వేశాడు. దుమ్ము నా ఉతికిన చొక్కాకు అంటింది.

"నువ్వు ఆయనకు అల్లుడివైతివి కదా నాయనా. రేపు నిజంగా సమ్మె వస్తే ఆయన్ను గారు అనేదానికి నీకు నోరు రాదు. నువ్వు సంఘానికి పనికిరావు. ఇద్దరి నడుమ కూర్చునే పని ఏదన్నా ఉంటే చూసుకో."

మరి మీరంతా ఆయనకు చుట్టాలే కదా అధ్యక్షుల వారూ, మీకు నోరెట్లా వస్తుంది అన్నాను. మాకు అలవాటైపోయింది అన్నాడు. ఆ మాట అన్నప్పుడు ఆయన నవ్వలేదు.

ఊరికి పోతే మా నాయన, ఏమిచ్చినారు అని అడిగాడు. మామనిచ్చినారు అన్నాను. కొడుకు చదువుతో కొంచెం చెడినాడని అనుకొని ఉంటాడు.

తర్వాత ఇద్దరి నడుమ కూర్చునే పనే దొరికింది. పరీక్ష రాసి లేబర్ డిపార్ట్‌మెంటులో చేరాను. ఒకవైపు యాజమాన్యం, ఒకవైపు కార్మికులు, మధ్య కుర్చీలో నేను. ఎన్ని ఊళ్ళు తిరిగానో. డిమాండ్ల కాగితం చేతికి వచ్చేలోపే, వాళ్ళు ఒకరినొకరు ఎట్లా పిలుచుకుంటున్నారో చెవి పెట్టి వినేవాణ్ణి. చాలాచోట్ల వరసలు లేవు. అక్కడ నాకు సమ్మె ఎప్పుడు మొదలైందో, ఎప్పుడు ముగిసిందో కూడా సరిగ్గా తెలిసేది కాదు.

మార్కాపురం ప్రకాశం జిల్లాలో కలిసిన తర్వాత ఒకసారి అదే గని తగాదా నా ముందుకు వచ్చింది. పాత యజమాని పోయాడు. చిన్నమ్మ కూడా పోయింది. యజమాని కొడుకు గనిని పెంచి, పందిరి అడ్డమని పీకేయించాడు. అతని తరఫున ప్లీడరు వచ్చాడు. ఇటువైపు అదే అధ్యక్షుడు, ముసలివాడై, దగ్గుతూ. పొద్దున లోపలికి వస్తూనే, ఏంరా నాయనా, బాగా చిక్కినావే అన్నాడు. ప్లీడరు నా వైపు వింతగా చూశాడు. నేను నవ్వి ఫైలు తెరిచాను. విచారణ జరిగింది. ప్లీడరు గడువు అడిగాడు. రూలు ప్రకారం ఇవ్వచ్చు, వచ్చే నెలకు వాయిదా వేశాను. పేచీ ఏమీ కనిపించలేదు నాకు.

ముసలాయన లేచి రెండు చేతులూ జోడించాడు.

"మంచిదండీ ఆఫీసరు గారూ. తమరి చిత్తం," అన్నాడు.

ఎవరైనా ఆయన్ను ఆఫీసులో మర్యాదగా మాట్లాడమన్నారేమోనని కూడా అనుకున్నాను. గౌరవమో, సమ్మెనో తేల్చుకోలేకపోయాను. ఆయన కర్ర పట్టుకొని మెట్లు దిగిపోతున్నాడు. కుర్చీలోంచి లేచి వరండాలోకి పరుగెత్తాను. పిలవబోయి ఆగిపోయాను. చిన్నమ్మకు వరస ఉంది, మామకు వరస ఉంది. ఈ మనిషిని మాత్రం మొదటి రోజు నుంచీ అధ్యక్షుల వారూ అనే పిలిచాను.

"పెద్దనాయనా," అన్నాను, నోటికి వచ్చింది.

ఆయన ఎండలో ఆగాడు. వెనక్కి తిరిగి నన్ను పైనుంచి కిందికి చూశాడు.

"ఏ వరసన?"

"చిన్నమ్మ వైపు నుంచి."

ఆయన కర్ర మీద గడ్డం ఆనించి ఆలోచించాడు.

"ఆమె నాకు వదిన. అంటే నీకు చిన్నాయన కావాల నేను. పెద్దనాయన కాదు," అన్నాడు. దగ్గు తెర వస్తే తగ్గేదాకా ఆగాడు. "బిడ్డలు ఎండలో ఉండార్రా."

నేను లోపలికి పోయి, గని దాకా పోవాలి, జీపు తీయమన్నాను.